బేగి

పలాస నుంచి పెళ్లికూతురి పిన్ని వీడియోలో చూస్తోంది.
మగ్గం మీద జాకెట్టు చేతికి నెమలికన్ను కుడుతున్నాను.
సూది పైకి లేచింది.
అంతే. లేచిన సూది లేచినట్టే
ఆమె ఫోనులో పది నిమిషాలు ఉండిపోయిందట.
"కుడతన్నావా, ఫొటోకి కూకున్నావా?" అని అడిగింది.

ఈ నెలతో ఇది తేల్చేయాలనుకున్నాను.

విజయనగరంలో మా మేదరవీధికి
కేబుల్ టీవీ నాటి నుంచీ తవిటయ్య తీగే.
మంగాయమ్మగారి మునగచెట్టుకు ఓ చుట్టు తిరిగి,
రెండు డాబాల మీద నడిచి,
మా బట్టల దండెం కర్ర దగ్గర ఊపిరి తీసుకుని
వీధి చివరి ఆరిళ్లకి పోతుంది.
కోతి దాని మీద ఊగితే
ఆరిళ్లలోనూ సీరియల్ ఆగుతుంది.

మెడలో కార్డు వేసుకుని కంపెనీ కుర్రాడొచ్చాడు.
"వంద ఎంబీపీఎస్ అక్కా" అన్నాడు.
వంద ఏమిటని అడిగితే కాసేపు ఆలోచించి
"బేగి వస్తాదక్కా" అన్నాడు.
అది అర్థమైంది.
జీఎస్టీ సంగతి మాత్రం మెట్లు దిగుతూ చెప్పాడు.

సర్కారుది కూడా ఉందన్నారు.
కనుక్కుందామని ఆఫీసుకి రెండుసార్లు వెళ్లాను.
రెండుసార్లూ కుర్చీ మీద తువ్వాలుంది,
మనిషి లేడు.

మా ఆయన సన్నిబాబు "నీ ఇష్టం" అంటాడు.
క్రికెట్ మధ్యలో ఆగితే మాత్రం
ఆ ఇష్టం నాదే అని గుర్తుచేస్తాడు.
ఎదురింటి లెక్కల మాస్టారు కాగితం తెచ్చి
గళ్లు గీసి, ఏడాదికి ఎంతో వేసి,
కింద "తవిటయ్య రాత్రి పదకొండుకైనా వస్తాడు" అని రాశారు.
దానికి ఎంత వేయాలో తెలియక
పెన్ను మూసేశారు.

నిజమే. హుద్‌హుద్ వెళ్లాక
ఇంకా కరెంటైనా రాకముందే
భుజాన నిచ్చెనతో, తెగిన తీగలు ముళ్లేసుకుంటూ
ఈ వీధంతా నడిచినవాడు అతనే.
మొన్న మూడు రోజులు ఫోనెత్తనివాడూ అతనే.

చివరికి కంపెనీకే డబ్బు కట్టాను.
కుర్రాడు గోడకి డ్రిల్లు పెట్టాడు.
మూరెడు గోడ. గానుగ సున్నం, బెల్లం నీళ్లు.
ఒక బిట్టు విరిగింది. రెండోది పొగ కక్కింది.
"ఏటక్కా, ఇది ఇల్లా, కోటా?"
అప్పుడు గుర్తొచ్చింది.
ఎవరి కాలంలోనో రేడియో ఏరియల్‌కని కొట్టించిన కన్నం
కేలండర్ వెనక ఉండాలి.
ఉంది, గుడ్డపీలిక కుక్కి.
లాగాను.
సన్నటి వెలుతురూ, ఒక చీమా లోపలికొచ్చాయి.
వాటి వెనకే తీగ.

"పాతది కోసీయమంటారా?"
దండెం కర్ర దగ్గర కటింగ్‌ప్లయర్ నోరు తెరిచి ఉంది.
ఆగమన్నాను.
కర్ర నాది, తీగ ఆరిళ్లది.

సాయంత్రం తవిటయ్య వచ్చాడు.
నేనేదో సర్దిచెప్పబోతే
మెట్టు మీద కూర్చుని మంచినీళ్లు తాగి
"మా గుంటలకీ అదే ఏయించీసేనమ్మా" అన్నాడు.
నవ్వాలో వద్దో తెలియలేదు నాకు.
అతను లేచి, కర్ర మీది తన ముడి విప్పి,
కొత్త తీగకి తగలకుండా జానెడు కిందకి కట్టుకున్నాడు.

వంటింటిదాకా సిగ్నలు రాదు, ఆ గోడే అడ్డం.
మగ్గం ముందుగదిలోకొచ్చింది,
మా ఆయన మంచం వెనక్కి పోయింది.

పలాసలో సూది పైకి లేచింది,
దిగింది.

డాబా మీద కోతి ఇప్పుడు
రెండు తీగలు పట్టుకుని ఊగుతోంది.