కార్డు తీసే ముక్కు

అడవిలో వదిలితే బతకదని
ఫారెస్టు నారపరెడ్డి అట్టపెట్టెలో తెచ్చిచ్చాడు.
పదహారేళ్ల చిలక. కంభం బస్టాండులో
ఊరందరి జాతకాలూ లాగి అరిగిన ముక్కు.

నెలంతా నా వేలిమీదే దాని కోపం.
పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చి, దుమ్ము కడుక్కుని,
పంజరం తెరిచి, దూరంగా గోడకానుకుని
నానేసిన శనగలు నేనే తినేదాన్ని, చప్పుడయ్యేలా.
తలుపుదాకా వచ్చి ఆగేది,
ఎవరో పేరు చెప్పాలన్నట్టు.
నేను చెప్పలేదు.

మార్కాపురం ఎండలో ఫ్యాను ఆగిపోయిన మధ్యాహ్నం
కాళ్లీడ్చుకుంటూ వచ్చింది.
నా ఒళ్లోని కరెంటు బిల్లు లాగి, పడేసి,
గింజ కోసం చూసింది.

ఇచ్చాను.
ఇంకోటీ ఇచ్చాను, ఏమీ లాగకముందే.

అది తినలేదు. మెడ వంచి
చాలాసేపు నా చేతినే చూసింది.
వేలికింకా గుడ్డ కట్టే ఉంది.