చివరి ముద్ద

నా పని పేర్లు గీయడం.
మోంతెవిదేయోలో ఒక మేడమీది గది,
కిటికీ అవతల నది. నది అనే అంటారు,
అవతలి ఒడ్డు మాత్రం ఎవరికీ కనపడదు.
దక్షిణపు గాలి తిరిగితే నీళ్ళు ఉప్పన,
మర్నాటికి చప్పన.

నేలిదా బ్రుస్కిని నేను మూడుసార్లు గీశాను,
మూడు వేరే వేరే మనుషులుగా.
హత్యల నవలలకి ఎన్. బారోస్:
వేలు తెగేంత పదును అక్షరాలు, నల్ల అట్ట.
ప్రేమకథలకి లీదా మిరాన్:
తీగ సాగే రాత, తోక చివర ఒక మొగ్గ.
పిల్లల నత్త కథలకి నేలి అత్తయ్య,
గుండ్రంగా, కొరికి తినాలనిపించేలా.
ముగ్గురికీ విడివిడిగా ఉత్తరాలొచ్చేవి.
బారోస్ గారికి ఒకాయన పొగాకు పంపాడు.

మార్చిలో ప్రచురణకర్త ఎల్బియో వచ్చాడు.
మెట్లెక్కిన ఆయాసం తీరకముందే మొదలెట్టాడు:
"ఇక ఒకే పేరు. వెన్నుకి ఒకే రంగు.
వీధిలోంచి చూసినా ఆవిడదే అని తెలియాలి.
ముద్ర కావాలి, ముద్ర!"
పిల్లాడికి నత్త కొనబోయిన తల్లి
గొంతు కోసిన శవాన్ని పట్టుకుపోతే? అన్నాను.
"అందుకేగా నీ దగ్గరికొచ్చింది" అని
బయానా బల్లమీద పెట్టాడు.

పదకొండు పుస్తకాలు నేలమీద పరిచాను.
ఎర్ర గీత గీసి చూశాను, ఉంగరం చుట్టి చూశాను.
శవానికి బాగున్నది నత్తకి నప్పలేదు.
నత్తకి నప్పింది ప్రేమికుల్ని నవ్వులపాలు చేసింది.
నేలిదాకి ఫోన్ చేస్తే,
"నన్నడిగితే ఎలా? నా వెన్ను
నేనెప్పుడు చూసుకున్నాను" అంది.

ఆదివారం సంతలో, పాత పుస్తకాల వరసలో
అనీబల్ తగిలాడు. రిటైరైన బస్సు కండక్టరు.
చంకలో మాతే ఫ్లాస్కు, చేతిలో బారోస్,
కోటు జేబులోంచి తొంగి చూస్తూ లీదా మిరాన్.
"ఈ ఇద్దరూ ఒకావిడే, తెలుసా?" అన్నాడు,
నాతో, ఆ పేర్లు గీసిన నాతో.
ఎలా కనిపెట్టావన్నాను.
టికెట్లు చించిన వేళ్ళతో పేజీలు తిప్పుతూ,
"ఈవిడ పుస్తకాల్లో ఎవరూ
భోజనం పూర్తి చెయ్యరు."

ఆ రాత్రి దీపం పెట్టుకుని వెతికాను.
విషం కలపని ఇంట్లో కూడా పులుసు చల్లారిపోతోంది.
పెళ్ళికూతురు కేకు ముక్క రుమాల్లో చుట్టి లేస్తోంది.
నత్త, ఆ చిన్న నత్త,
ఆకు సగం కొరికి, వాన చప్పుడుకి బయల్దేరుతోంది.
పదకొండు పుస్తకాలు.
ఒక్క పళ్ళెమూ ఖాళీ కాలేదు.

చెప్తే, ఫోన్లో చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు.
"కొలోనియాలో, పడవల రేవు పక్కన
మా అమ్మకి చిన్న హోటలుండేది.
కూత వినపడితే అందరూ ఒక్కసారి లేచేవాళ్ళు,
నోట్లో ముద్ద నోట్లోనే.
ఎంగిలి పళ్ళేలు తియ్యడం నా పని.
ఏం వదిలారో చూసి
ఎక్కడికి పోతున్నారో ఊహించేదాన్ని.
ఒకసారి ఉప్పు గిన్నె కింద ఒక ఉత్తరం.
దాన్ని నేను ఎవరికీ ఇవ్వలేదు."
అంతే. పెట్టేసింది.

ముద్ర అడిగితే ముద్ద దొరికింది.
మూడు పేర్లూ ఉన్నచోటే ఉంచాను.
వెన్ను అడుగున, బొటనవేలి గోరంత
ఒక పళ్ళెం, ఒక పక్కగా కాస్త మిగులు.
ఎల్బియో కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని
"చంద్రుడు! భేష్. దొంగకీ వాడే, ప్రియుడికీ వాడే" అన్నాడు.
నేను దిద్దలేదు.
మిగతా డబ్బు లెక్కపెట్టుకున్నాను.

మొన్న పన్నెండో పుస్తకం రాతప్రతి వచ్చింది.
ఏ పేరు మీదో ఇంకా చెప్పలేదు.
నూట నలభయ్యో పేజీలో ఒక కండక్టరు,
కిటికీ పక్క బల్ల దగ్గర ఒంటరిగా,
రొట్టెముక్కతో పళ్ళెం అంచుదాకా తుడిచి
తాపీగా తిన్నాడు, మొత్తం.
పక్కన మార్జిన్లో, పెన్సిల్తో,
చెరిపి మళ్ళీ రాసిన ఆవిడ చేతిరాత:
"ఉంచాలా?"