ఒకే తోక మాటలు

బరంపురంలో ఆ అప్పడాల కొట్టు మాది కాదు,
నేనక్కడ పొట్లాలు కడతాను.
దండాసి బెహెరా తోపుడుబండి మీద
కిలో పద్దెనిమిదికి తెచ్చిన చిత్తుకాగితాల్లో
అట్టలేని ఇంగ్లీషు నిఘంటువొకటి వచ్చింది.
ఎ, బి, సి, డిల్లో
మిరియాల అప్పడాలు అమ్ముడుపోయాయి.

ఇ దగ్గర చెయ్యి ఆగింది.
ఎల్: బట్ట కొలిచే పాత కొలత,
నలభై ఐదు అంగుళాలు,
మోచేతి నుంచి పుట్టిన మాట.
మా అమ్మ మూర పద్దెనిమిదే.
ఆ దేశంలో చేతులెంత పొడవో!

కొలత సంగతెలా ఉన్నా
ఆ చప్పుడు నాకు తెలుసు.
పాత తెలుగులో ఎల్లి అంటే రేపు,
ఎల్ల అంటే పొలిమేర,
"ఎల్లొస్తానే" అంటే
అమ్మ సంచీ పట్టుకుని బజారుకి బయల్దేరినట్టు.

అప్పట్నించి ఆ తోక ఉన్న మాటల్ని
షావుకారు చూడకుండా చింపి
జాకెట్లో దాచుకుంటున్నాను.

స్నెల్: కొరికే చలిగాలి.
గోపాల్‌పూర్ ఉప్పుగాలికి జిడ్డోడే మాకు
దాంతో పనిలేదు.
దారింగబాడిలో నర్సుగా ఉన్న హైమావతికి పంపాను.
"మాట కాదు, స్వెట్టరు పంపు" అని జవాబు.

క్వెల్: ఇప్పుడు అణచడం, ఒకప్పుడు చంపడం.
ముసలితనంలో మాటలు కూడా మెత్తబడతాయి కాబోలు.
మా షావుకారు ఇంకా మెత్తబడలేదు.

మెల్: కలుపు, కలబడు. రెండూ.
వదిన భంజనగర్ పిల్ల.
కుండలోది చద్దన్నమా పొఖాళొనా అని
పొద్దున్నే మొదలవుతుంది మాకు.
అన్నం అదే, నీళ్ళు అవే,
కొరికే ఉల్లిపాయ కూడా అదే.

స్పెల్‌కి చాలా ఉన్నాయి:
కథ, మంత్రం, పనిలో వంతు,
అడుగున చిన్నక్షరాల్లో, చెక్క పేడు.
మగ్గం పలక నుంచి లేచి
నాన్న బొటనవేట్లో దిగిందే, అది.
సూదితో తీస్తుంటే నొప్పి మరవడానికి
ఆయనేదో కథ ఎత్తుకున్నాడు.
పేడు వచ్చేసింది. కథ సగంలో ఉండిపోయింది.

టెల్ కాగితం నూనెలో నాని దొరికింది.
చెప్పడం తరవాత వచ్చిందట,
ముందు లెక్కపెట్టడమేనట.
నమ్మలేదు.

ఆ వారమే జనాభా లెక్కల సాబత్ మాస్టారు
గుమ్మంలో నిలబడి "మాతృభాష?" అన్నాడు.
నాన్న పడుగు పోగులు లెక్కపెడుతున్నాడు,
ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటికే.
తలెత్తకుండా
"నూట పదహారు, నూట పదిహేడు,
నూట పద్దెనిమిది..."
సాబత్ గారు కాసేపు విన్నారు.
ఇంకేమీ అడక్కుండా రాసుకుని
పక్కింటికి వెళ్ళారు.

ఒక్క కాగితం మాత్రం నాన్నకి చదివి వినిపించాను,
ఎల్ వెనకే దొరికితే ఇన్నాళ్ళూ దాచినది.
ఫెల్: జంతువు తోలు. బోడికొండ. కర్కశం. చెట్టు నరకడం.
నేతలో అయితే,
నేసిన గుడ్డ ఆగిపోయి
నేయని పడుగు మొదలయ్యే గీత.

"దాన్ని మనమేమంటాం?"

"ఎక్కడుందో చూపించు" అన్నాడు.

వేలు పెట్టబోయాను.
నాడె అటు నుంచి ఇటొచ్చింది,
పలక దడాలుమంది,
నేను చూపించాలనుకున్న చోటు
అప్పటికే చీరలోకి వెళ్ళిపోయింది.