పల్లమెరిగిన గాలి

ఉన్ని స్వెటర్ గుమ్మంలోనే విప్పేస్తాను.
లోపలున్నది హైడ్రోజన్. ఒక్క నిప్పురవ్వ చాలు,
షెడ్డూ నేనూ కలిసి
ఇవాళ్టి వాతావరణంలో చేరిపోతాం.
నూలు చొక్కాతో, మైనస్ పద్దెనిమిదిలో
పళ్ళు టకటకలాడుతుంటే
తెల్ల రబ్బరు తిత్తికి ఊపిరి పోస్తాను.
చూలు సీలులా చేతుల్లో పొర్లుతుంది,
కాకపోతే కిందికి కాదు, పైకి బరువు.

ఎనిమిదింబావు. ఇంకా తెల్లవారలేదు.
దారం కొసన టీ గ్లాసంత డబ్బా:
చలి తెలిసే తీగ ఒకటి, తేమ తెలిసే రేకు ఒకటి,
ఎక్కడున్నానో చెప్పుకునే నోరు ఒకటి.
వదిలేశాను.
కుక్కలు మొరిగాయి. రోజూ మొరుగుతాయి.

"ఏమంటోంది నీ బుడగ?"
హన్సేరాక్ మామ బండి కట్టేసుకుని వచ్చాడు,
పదకొండు కుక్కలు, మూడు రోజుల తిండి.
ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.
పొగ గొట్టాల మీద పొగ నిటారుగా నిలబడింది.
"ఇప్పుడేగా బయల్దేరింది, కాఫీ తాగు" అన్నాను.

తెర మీద అంకెలు ఎక్కుతున్నాయి.
మొదటి నాలుగొందల మీటర్లు, ఎక్కేకొద్దీ వెచ్చన!
బడి పుస్తకం ఇలా చెప్పదు.
మా ఊళ్ళో చలి నేల మీదే పడుకుంటుంది,
కదిలించేవాళ్ళు లేక.
ఆ దుప్పటి దాటాక గాలి దారికొచ్చింది:
కిలోమీటరుకి ఆరేడు డిగ్రీల చొప్పున
చలి కూడబెట్టుకుంటూ పోయింది.
తొమ్మిది దగ్గర చల్లబడటం మానేసింది.
మబ్బులకు అదే అటక. వానా మంచూ గొడవంతా దాని కిందే.

నా కొడుకు మినిక్ అరచెయ్యి చాపాడు:
"దీని మీద కూడా గాలి ఉందా?"
ఉందిరా. నీ తాతంత బరువుంది,
ఆయన కోటూ బూట్లతో సహా.
"మరి నొప్పెయ్యదేం?"
కింద నుంచీ అంతే నొక్కుతోంది,
నీ లోపలి నుంచీ అంతే.
వాడు చెయ్యి తిప్పి చూసుకున్నాడు, నమ్మలేదు.

మా భాషలో సిలా అంటే గాలి.
సిలా అంటే ఇంటి బయట ఉన్నదంతా.
సిలా అంటే బుద్ధి కూడా.
మతి తప్పినవాణ్ణి సిలా లేనివాడంటాం.
మామకి సిలా మెండు. ముక్కుతో చదువుతాడు.
"ఏ వాసనా లేదు, వెళ్తాను" అన్నాడు.

అప్పుడు చూశాను.
సముద్రం మీద అల్పపీడనం,
నిన్న రాత్రి కంటే మన వైపు జరిగింది.
మన వెనక మంచు పీఠభూమి, మూడు కిలోమీటర్ల మందం.
దాన్ని ఆనుకుని వారం రోజులుగా
గాలి చల్లబడుతూ, చిక్కబడుతూ, బరువెక్కుతూ కూర్చుంది.
నీరు పల్లమెరుగునంటారు,
చల్లగాలీ అంతే ఎరుగును.
పైన కూర్చున్నది ఇక జారుతుంది,
కింద నుంచి ఒకడు లాగుతున్నాడు,
మధ్యలో ఇరుకు లోయలు, ఆ లోయల నోట్లో మా ఊరు.
పితెరాక్. అంటే, మీదపడేది.

"సాయంత్రం నాలుక్కల్లా" అన్నాను.
మామ పొగ వైపు చూశాడు. నిటారుగానే ఉంది.
నా వైపు చూశాడు. కుక్కల వైపు చూశాడు.
ముసలి ఆడకుక్క అప్పటికే ముక్కు తోక కింద దాచుకుని
గుండ్రంగా చుట్టుకుంది.
ఎవరి మాట విన్నాడో చెప్పలేదు.
బండి విప్పాడు.

ముప్ఫై ఒక్క కిలోమీటర్ల పైన
నా బుడగ ఇల్లంత ఉబ్బి పగిలింది.
బయట నొక్కేవాళ్ళు లేకపోతే
ఎవరైనా అంతేనేమో.
డబ్బా చిన్న గొడుగేసుకుని
సముద్రపు మంచు మీదెక్కడో దిగింది.
ఇన్నేళ్ళలో రెండే దొరికాయి, ఒకటి ఎలుగు నమిలింది.

అయిదింటికి ఊరి కప్పులు కేకలు పెట్టాయి.
తాళ్ళతో కట్టిన ఇళ్ళు తాళ్ళను లాగాయి.
ఎవరిదో పడవ వీధిలో దొర్లుకుంటూ పోయింది.
రాత్రి ఎనిమిదింబావు బుడగ వదల్లేకపోయాను,
షెడ్డు తలుపు తెరుచుకోలేదు.
లెడ్జర్లో ఆ గడి ఖాళీ.

మామ మా వంటింట్లోనే ఉండిపోయాడు,
జీనుపట్టీలు కుట్టుకుంటూ.
అద్దాలు గడగడలాడుతుంటే సూది ఆపి
గడియారం చూపించాడు:
"నాలుగన్నావు. గంట ఆలస్యం."