వైకల్పిక సంధి

ఖసబ్ రేవులో ఆరింటికే ఎండ
ఇనప మెట్ల మీద కూర్చుని ఉంటుంది.
మస్కట్ నుంచి పదకొండు మంది విద్యార్థుల్ని తెచ్చాను,
పటంలో వేలి గోరంత ఉండే చోటుని
కళ్ళారా చూపిద్దామని.

ఇరవై రెండేళ్ళుగా నా పాఠం ఇదే:
ఈ ఇరుకులోంచి రోజుకెన్ని నౌకలు, ఎన్ని పీపాలు,
ఎవరు ఎవర్ని ఎంత దూరం నుంచి బెదిరించారు,
బెదిరింపుకీ తూటాకీ మధ్య సగటున ఎన్ని గంటలు.
ఇంగ్లీషులో దీన్ని పీక పట్టుకునే చోటంటారు.
మనం జలసంధి అంటాం.

ఆ మాట పిల్లలకెప్పుడూ చెప్పలేదు.
ఎలా చెప్పను,
రెండు అచ్చులు కలిసినా సంధే,
రెండు సైన్యాలు అలిసినా సంధే,
జ్వరం నెత్తికెక్కి మనిషి పేలితే అదీ సంధేనని?
తొమ్మిదో తరగతిలో కూర్మమ్మ టీచరు
బల్ల మీద బెత్తం కొట్టి మరీ చెప్పేది:
ఉకారానికి నిత్యం, ఇకారానికి వైకల్పికం.
వైకల్పికమంటే ఏంటి టీచర్?
"జరగొచ్చు, జరక్కపోవచ్చు. రెండూ తప్పు కావు."
నా పీహెచ్‌డీ, నాలుగు వందల పేజీలు,
అంతకు మించి ఏమీ చెప్పలేదు.

మా పడవ ఆలస్యం.
నా ఫోన్లో తెలుగు విని
పక్కనున్న టగ్గు ఇంజను గదిలోంచి ఒకాయన పైకొచ్చాడు
చేతుల గ్రీజు గుడ్డకి తుడుచుకుంటూ.
మైలపల్లి తవిటయ్య. సోంపేట అవతల పాలెం.
"ఈ పిల్లలకేటి సెప్తారమ్మా?"
యుద్ధాల గురించి.
"అయిపోనవా, అవబోయేవా?"
అయ్యీ అవనివి, అన్నాను.

నవ్వలేదు. నా చేతిలోని గ్రాఫు కేసి చూశాడు.
ఎర్ర గీత ఒక చోట తాడిచెట్టంత లేచి
చటుక్కున కూలిపోయింది.
దాని మొదట్లో వేలు పెట్టాడు, మరక పడింది.
"ఇదేనా, ఆ యేడు ఎనిమిది రోజులు?
మాకు డబల్ జీతమమ్మా. అపాయం బత్తెం.
దాంతోటే మా సిన్నదానికి నర్సింగు సీటు."
కాసేపాగి, గొంతు తగ్గించి,
"తొమ్మిదో రోజుకి సల్లారిపోనాది.
ఇంకో రెండ్రోజులుంటే బాగున్ననుకున్నాను.
పాపమేటమ్మా?"

దీని మీద నాకు రెండు అధ్యాయాలున్నాయి.
ఒక్క వాక్యమూ నోటికి రాలేదు.
ఆ తాడిచెట్టు మీంచే నేను ప్రొఫెసర్నయ్యాను.
ఏదో చలిదేశంలో ప్రసంగం, చప్పట్లు, వెండి పెన్ను.
అది కూలిన రాత్రి
కథనం సగంలో ఆగిందని
నేనూ విసుక్కున్నాను.

దూరంగా లంగరేసిన టాంకర్లు
ఎండకి కరగని నల్లబెల్లం ముక్కలు.
వాటికవతల ఏ ఒడ్డూ కనబడటం లేదు.

"ఏమంటున్నాడు డాక్టర్?"
బుతైనా అడిగింది, నోట్‌బుక్ తెరిచి.

గ్రాఫు సరిగ్గానే ఉందంటున్నాడు.