పనిచేసే జాగ

కోడి కూయకముందే ఆటో హారన్ కొడ్తది.
వంతెన అవతల మిరప చేన్లకు పోయే ఆటో.
అది కదిలిపోయినంక చూస్తే
నా గడపల తొమ్మిదిమంది పిల్లలు,
సగం నిద్రల,
ఒకరి చెప్పులు ఒకరి కాళ్లకు.

బోర్డు మీద మరాఠీల పాళణాఘర్ అని ఉంటది.
పాళణా అంటే ఉయ్యాల.
ఉన్నది ఒక్కటే ఉయ్యాల, అదీ నా పాత చీర.
మా సిరొంచ వాడల దీన్ని తారక్క కొట్టమే అంటరు.

పొద్దుగూకి లసుమక్క వస్తది.
వచ్చి బిడ్డను ఎత్తుకోదు,
చేతులు వెనక్కు పెట్టుకొని నిలబడ్తది
దొంగతనం చేసినట్టు.
బూడిదతో తోమినా, పెరుగు రాసినా
వేళ్లల్ల మంట పోదు.
మోచేతులతోనే దగ్గరికి తీసుకుంటది.
మూడేండ్ల సింధు
ఎత్తుకునుడంటే అట్లనే అనుకున్నది కాబోలు,
బట్టబొమ్మను గూడ మోచేతులతోనే ఎత్తుతది.

సర్కారు ఒక్కో పిల్లకు రోజుకు ఇంత అని ఇస్తది.
ఎంతో చెప్పను, నవ్వుతరు.
గుడ్డు, గుప్పెడు పెసర్లు,
మిగిలితే సబ్బు.
అయినా ఆ పైసలొచ్చిన మొదటి నెల
లసుమక్క నాకిచ్చే రోజు ఇరవై
ఆమె కొంగులనే ఉండిపోయింది.
ఏం కొన్నవే అనడిగిన.
సిగ్గుపడ్డది.
"ఒక్కరోజు పనికి పోలేదక్కా,
జ్వరమొస్తే పండుకున్న."

అహేరి నుంచి సారు వచ్చిండు.
మంచోడే. బల్ల మీది చీమలను
చంపకుండ ఊది, అప్పుడు కూసున్నడు.
తల్లి పనిచేసే జాగ ఏదని మరాఠీల అడిగిండు.
నేను చెయ్యి చూపించిన.
చెయ్యి తెలుగుల చూపించిన్నేమో,
జరసేపు అర్థం కాలేదు.
"అవతలిది వేరే రాష్ట్రం గదా బాయీ,
ఆ కూలి ఈ లెక్కల రాదు.
గడి మాత్రం ఖాళీ ఉంచొద్దు."

మంట వంతెన దాటి వస్తది సారూ,
దానికేమన్న గడి ఉన్నదా?
అడుగుదామనుకున్న.
బిల్లు ఆయన సంతకం కింద ఉన్నది.
చాయ్ పోసిన.

రాత్రి రిజిస్టరు ముందరేసుకొని కూసున్న.
అబద్ధం రాయబుద్ధి కాలేదు,
నిజం రాస్తే గుడ్లు రావు.
తొమ్మిది పేర్ల పక్కన తొమ్మిదిసార్లు
వంకర మరాఠీ అక్షరాలతోని
ప్రాణహిత అని రాసిన.
ఏ ఒడ్డో రాయలేదు.

రెండు నెలలాయె.
పైసలు రాలేదు, రిజిస్టరూ రాలేదు.
దుకాణపాయన ఉద్దెర మీద ఐదు గుడ్లిస్తుండు.
దారంతో కోస్తే సగాలు సమంగా తెగుతయి,
కత్తితో కోస్తే పచ్చసొన అంటుకపోతది.

తొమ్మిదిమందికి పది ముక్కలు.
పదోది ఎవరిదని పొద్దంత లొల్లి.
నిన్న సింధు దాన్ని గౌను జేబుల దాచింది,
నలిగింది, దారప్పోగు అంటుకున్నది.
పొద్దుగూకి తల్లి రాంగనే
"నువ్వు ముట్టకు, మంట" అని
తనే నోట్ల పెట్టింది.

లసుమక్క నమిలేదాకా
చేతులు వెనక్కే పెట్టుకున్నది.