చుక్క లెక్క

మా దిక్కు సాగర్ అంటే డ్యామ్.
సముద్రం కాదు. బస్సు బోర్డు మీద పేరు,
హాలియా దాటినంక కిటికీల తడిగాలి.
అసలు సముద్రాన్ని నేను
ప్రకాశం బజార్ల షబ్బీర్ దుకాణం నుంచి
ఉప్పు బకెట్ చేసి తెచ్చుకున్న.
ఆర్వో నీళ్లల్ల కలిపి రాత్రంత తిప్పి
పొద్దున ఉప్పు కొలిస్తే సరిగ్గ ముప్పై అయిదు.
బోరు నీళ్లు పొయ్యలే.
నల్లగొండ బోరు నీళ్ల సంగతి
నాకంటే ఎవలకు ఎరుక?

పదేండ్ల సంది నీళ్ల ల్యాబుల నా కొలువు.
సీసాల నీళ్లకు ఎర్ర మందు కలిపితే
రంగు వెలిసినకొద్దీ ఫ్లోరైడు.
మర్రిగూడ దిక్కు సీసాలు కొన్ని
ఎరుపును గటగట తాగేస్తయి.
ఒకటిన్నర దాటితే పెన్నుతోటి గుండ్రం చుట్టాలె.
అంతే నా పని.

అయినా తప్పు చేసిన.

తొట్టి వయసు ఆరు వారాలు.
ఇసుక ఇంకా పాలపండ్లోలె తెల్లగున్నది,
రాళ్లల్ల సూక్ష్మజీవులు ఇంకా కాపురం పెట్టలే.
డంకన్ పగడం ఒకటి, ఏడు నోళ్లది,
లైటు ఆర్పినంక వేళ్లు చాపింది.
చాపిన చేతుల ఏం పెట్టకుండ ఉండుడు
మా ఇంట్ల ఎవ్వరూ నేర్పలే.
రొయ్యపిల్లల చుక్క. ఇంకో చుక్క.
చిటికెడు పొడి. రేపటిది కూడ ఇయ్యాల్నే.
తిన్నంత తిన్నది.
తిననిది ఎటు పోతది?
గాజు డబ్బాకు అలుగు లేదు, వాగు లేదు,
మిగిలిన ముద్ద అక్కడ్నే మురుగుతది.

పదోనాటికి ఇసుక మీద గోధుమరంగు తోలు,
అద్దానికి పచ్చ నూగు,
నైట్రేటు నలభై.
పగడం ముడుసుకున్నది
పెండ్లిల అలిగిన చుట్టం లెక్క.

భయపడ్డ. నీళ్లు మార్చిన. మళ్ల మార్చిన.
ఫాస్ఫేటు పీల్చే తుప్పురంగు గుళికలు
సంచిల కట్టి వేలాడదీసిన.
మేత బంద్.
నెల తిరిగేసరికి రెండు పరీక్షలూ సున్న.
ఆ సున్న పేరు మీద ల్యాబుల లడ్డూలు పంచి
ఇంటికొచ్చి చూస్తే
జోవాలు రంగు వెలిసి ఉన్నయి
నా పరీక్ష గొట్టం లెక్క.

ఆదివారం సైదమ్మ వచ్చింది,
మా ల్యాబుల సీసాలు కడిగే సైదమ్మ.
పుట్టుక మర్రిగూడ దిక్కే.
మోచేతులు సగం దాంకనే సాగుతయి,
పండ్ల మీద గోధుమ చారలు.
తొట్టి ముంగట పీట వేసుకొని కూసున్నది.
"దీనికి నోరేది మేడమ్?"
చూపిచ్చిన.
"మరి పొట్టేది?"
నోటెనకనే పొట్ట అన్న. ఒంట్ల నాచు అద్దెకుంటది,
వెలుతురు తిని ఇంత వండి
ఇంటి కిరాయి కడ్తది.
మనం పెట్టేది పండుగనాటి పిండివంట,
రోజూ పెడితే రోగం.
అసలే పెట్టకపోతే, నీళ్లల్ల ఏమీ లేకపోతే,
అద్దెకున్నోళ్లు కూడ ఖాళీ చేస్తరు.

ఫ్లోరైడు లెక్కనే, అన్న నోరుజారి.
ఇంత ఉంటే పంటికి బలం,
అంత ఉంటే బొక్కలు వంగుతయి.
ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టకుండ నవ్వింది:
"ఆ ఇంత ఎంతనో మాకు చెప్పేసరికి
నాకు ఇద్దరు పిల్లలు."

ఇప్పుడు వారానికి రెండు దినాలు.
లైటు ఆర్పినంక పంపు ఆపుడు, పావుగంట.
ఏడు నోళ్లకు ఏడు చుక్కలు.
సిరంజిల మిగిలితే సింకుల పారబోసుడు
(ఇది ఇంకా మనసొప్పదు).
నైట్రేటు అయిదు కాడ.
ఫాస్ఫేటు ఉన్నదా లేదా అన్నంత.

నిన్న సిరంజి సైదమ్మకిచ్చిన.
పీట ఎక్కి చెయ్యి ముంచింది.
చెయ్యి సగం దాంకనే పోయింది,
మిగతా దూరం చుక్క తనంతట తనే దిగింది
మెల్లగ, పొగలెక్క.
ఒక నోరు మూసుకున్నది. తర్వాత ఇంకోటి.
ఏడోది కూడ మూసుకున్నంక
"ఇంకోటి వెయ్యన్నా?" అన్నది.
నన్ను కాదు,
దాన్నే అడిగింది.